తిరుపతిలో విద్యార్థులకు అద్దెకిద్దామని ఇల్లు కొనేవారు ముందు హాస్టల్ మంచాలు లెక్కపెట్టాలి

మీరు ఒకే ప్రశ్న అడిగినట్టు కనిపిస్తున్నా అందులో మూడున్నాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, చేతిలో 20 లక్షలు, బ్యాంకు నుంచి మరో 40 లక్షల దాకా అప్పు దొరికే వీలు, అమెరికాలో ఉన్న తమ్ముడు కూడా ఒక చెయ్యి వేస్తానంటున్నాడు. తిరుపతి యూనివర్సిటీల ఊరు, ఏటా కొత్త పిల్లలు వస్తూనే ఉంటారు, అద్దెకు లోటుండదు అన్నది మీ ధీమా. ఎస్వీ యూనివర్సిటీ దగ్గర 55 లక్షలు చెబుతున్న డబుల్ బెడ్‌రూం ఫ్లాటు కొనాలా, ఐఐటీ వచ్చింది కదా అని ఏర్పేడులో స్థలం కొనాలా, లేక పాత ఇల్లు కొని హాస్టల్ పెట్టాలా అని అడిగారు.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. ఎస్వీయూ గేటు నుంచి పది నిమిషాల నడకలో నాకొక పాత మేడ ఉంది, అందులో ఆరు పోర్షన్లు. 24 ఏళ్ళుగా విద్యార్థులకు, స్కాలర్లకు అద్దెకిస్తున్నాను. మధ్యలో ఆశపడి ఒక ఫ్లాటు కూడా కొన్నాను. మేడ నన్ను పోషించింది. ఫ్లాటును నేను పోషించాను. కాబట్టి కింద చెప్పేదానిలో ఫ్లాట్ల మీద కొంత కోపం కలిసి ఉంటే అది తీసేసి చదువుకోండి.

ముందు ఆ ధీమా సంగతి చూద్దాం. తిరుపతిలో చదువుల చెట్టు పెద్దదే. ఎస్వీ యూనివర్సిటీ 1954లో, పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చాయి. సంస్కృత విద్యాపీఠం 2020లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. వెటర్నరీ యూనివర్సిటీ ఉంది, మెడికల్ కాలేజీ, రుయా, స్విమ్స్ ఆసుపత్రులు ఉన్నాయి, వ్యవసాయ కళాశాల ఉంది, ఊరి చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. 2015లో ఐఐటీ, సైన్సు చదువులకు, పరిశోధనకు పెట్టిన కేంద్ర సంస్థ ఐసర్ రెండూ ఒకే ఏడాది మొదలయ్యాయి. ఈ జాబితా బ్రోకర్లందరికీ కంఠస్థం. వాళ్ళు చెప్పనిది ఒకటుంది. ఈ విద్యార్థుల్లో రాత్రి పూట క్యాంపస్ లోపల నిద్రపోయేవారు ఎంతమంది? మీకు అద్దె కట్టేది బయట నిద్రపోయేవాళ్ళే. ఒక విద్యాసంస్థ పేరు దేశమంతటా మారుమోగుతున్నా దాని హాస్టల్లో అందరికీ మంచం దొరికితే, చుట్టుపక్కల ఇంటి ఓనరుకు దానివల్ల వచ్చేది టీ కొట్టు సందడి ఒక్కటే.

ఐఐటీ, ఐసర్ సరిగ్గా ఆ కోవలోవి. రెండూ విద్యార్థులను క్యాంపస్‌లోనే ఉంచి చదివించే సంస్థలు. మహిళా విశ్వవిద్యాలయంలో చేర్చే తల్లిదండ్రులు కూడా వీలైనంతవరకు లోపలి హాస్టలే కోరుకుంటారు. ఇక మిగిలేది ఎవరు? ఎస్వీయూలో హాస్టల్ దొరకని పీజీ పిల్లలు, హాస్టల్ గడువు ముగిసినా థీసిస్ పూర్తికాని స్కాలర్లు, రుయాలో, స్విమ్స్‌లో పనిచేసే నర్సులు, జూనియర్ డాక్టర్లు, గెస్టు లెక్చరర్లు, డీఎస్సీకో గ్రూపులకో ఎస్సై పరీక్షకో గది తీసుకుని చదివేవాళ్ళు. ఈ చివరి వర్గాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు గానీ నా ఆరు పోర్షన్లలో ఎప్పుడూ రెండు వాళ్ళతోనే నిండుతాయి. డిగ్రీ ఎప్పుడో అయిపోయి ఉంటుంది. యూనివర్సిటీ లైబ్రరీ, తోటివాళ్ళ సావాసం, చవక మెస్సు వదులుకోలేక ఇక్కడే ఉండిపోతారు.

ఏర్పేడు ప్రశ్నకు జవాబు ఇందులోనే సగం వచ్చేసింది. మిగతా సగం కరకంబాడి రోడ్డు చెబుతుంది. శాశ్వత క్యాంపస్‌లు కట్టేదాకా ఐఐటీని రేణిగుంట రోడ్డులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఆవరణలో, ఐసర్‌ను కరకంబాడి రోడ్డులోని మరో కాలేజీలో నడిపారు. ఆ రోజుల్లో నాకు తెలిసిన ఒకాయన, నాలాగే బ్యాంకు మనిషి, మంగళం వైపు రెండంతస్తులు వేసి ప్రొఫెసర్ల కుటుంబాలకు అద్దెకిచ్చాడు. మంచి అద్దె, నెల ఒకటో తేదీకల్లా ఖాతాలో డబ్బు, గోడకు మేకు కొట్టాలన్నా అడిగి కొట్టే మనుషులు. మమ్మల్ని చూసి నవ్వేవాడు, మీకేమో అర్ధరాత్రి గిటారు వాయించే కుర్రాళ్ళు, నాకేమో సైంటిస్టులు అని. క్యాంపస్‌లు ఏర్పేడు వైపు తరలాయి, క్వార్టర్లు తయారయ్యాయి. ఏడాదిన్నరలో ఆయన ఇంటికి టూలెట్ బోర్డు ఎక్కింది. ఇప్పుడు అక్కడ మామూలు ఉద్యోగుల కుటుంబాలున్నాయి, అద్దె కూడా మామూలే. తాత్కాలికంగా వచ్చిన సంస్థను చూసి శాశ్వతమైన అప్పు చేయడం ఎంత ప్రమాదమో ఆయన్ను చూశాకే నాకు అర్థమైంది.

ఏర్పేడు తిరుపతికి పాతిక కిలోమీటర్ల దూరం. అక్కడ స్థలం ధర పెరగవచ్చు, పెరగకపోవచ్చు, దాని మీద నేను జోస్యం చెప్పను. కానీ అది అద్దె ఆదాయం కాదు. పదేళ్ళు కంప మొక్కలు కొట్టిస్తూ, హద్దు రాళ్ళు కదిలాయా అని చూసుకుంటూ ఉండే పని. 'ఐఐటీకి ఎదురుగా' అని బోర్డు పెట్టిన ప్రతి వెంచరు వాళ్ళనూ తుడా, అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ, ఆమోదించిన లేఅవుట్ నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఇచ్చిన నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు గానీ ఎనిమిది యూనిట్లు గానీ దాటితే రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నంబరు చెప్పడానికి నీళ్ళు నమిలితే తిరిగి బస్సెక్కండి.

ఇక ఫ్లాటు. కాగితం తీసి లెక్క వేద్దాం, నేను ఉజ్జాయింపుగా వేస్తున్నాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి.

ధర 55 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం, అంటే 4 లక్షల 12 వేలు. అలమరాలు, గీజర్, ఫ్యాన్లు, కిటికీ దోమతెరలు, చిల్లర మల్లర కలిపి ఒకటిన్నర, రెండు లక్షలు. చేతి నుంచి పోయింది 61 లక్షలు అనుకోండి. కట్టడం పూర్తికాని ఫ్లాటయితే దీనిపైన 5 శాతం జీఎస్టీ. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ లేదు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి అమ్మేవాడికిచ్చే డబ్బులో ఒక శాతం టీడీఎస్ పట్టుకుని మీరే ప్రభుత్వానికి కట్టాలి. ఇది చాలామంది మరిచిపోయి తరువాత నోటీసు చేతికొచ్చాక గుర్తుచేసుకుంటారు.

కుటుంబానికి 15 వేలకిచ్చారు, ఏడాదిలో ఒక నెల ఖాళీ. వచ్చేది 1 లక్షా 65 వేలు. అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ నెలకు 1,500 చొప్పున 18 వేలు, ఇంటి పన్ను ఆరు వేలు, ప్లంబరు, ఎలక్ట్రీషియను, మూడేళ్ళకోసారి వేసే రంగు కలిపి ఏడాదికి సగటున 12 వేలు. మిగిలింది 1 లక్షా 29 వేలు. 61 లక్షల మీద ఇది 2.1 శాతం. అదే ఫ్లాటును నలుగురు కుర్రాళ్ళకు తలా 5 వేలకు ఇచ్చారనుకుందాం. నెలకు 20 వేలు, కానీ పది నెలలే. రిపేర్లు రెట్టింపు. అప్పుడు కూడా 2.5 శాతం దాటదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాడికి ఇంతకంటే ఎక్కువే వస్తుంది.

40 లక్షల అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ళకు తీసుకుంటే నెలకు కట్టాల్సింది దాదాపు 34,700. అద్దె అందులో సగం కూడా కాదు. 'అద్దెతో ఈఎంఐ కట్టుకోవచ్చు' అన్న మాట తిరుపతిలోనే కాదు, మన ఊళ్ళలో ఎక్కడా నిజమైన సందర్భం నేను బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ చూడలేదు. అప్పు కాగితాల మీద సంతకం పెట్టించుకున్నవాణ్ణి నేనే కదా, నాకు తెలియదా. పైగా మీరు ఆదాయ పన్నులో కొత్త విధానంలో ఉంటే, కట్టిన వడ్డీని అద్దె ఆదాయం మేరకే చూపించుకోగలరు. మిగిలిన నష్టాన్ని జీతంలో తగ్గించుకోవడానికి కుదరదు. పాత విధానంలో అయితే ఏడాదికి 2 లక్షల వరకు కుదురుతుంది. ఆ మినహాయింపు చూసుకుని లెక్క వేసిన మీ ఆఫీసు మిత్రుడి సలహా ఇప్పుడు మీకు పనికిరాదు.

మరి నేను మేడ మీద బాగుపడ్డానంటున్నాను, ఎలాగ? రెండు కారణాలు. ఒకటి, కింద నేల నాది. 24 ఏళ్ళలో పెరిగింది గోడల విలువ కాదు, గోడలు ఏటా నన్ను ఖర్చుపెట్టిస్తూనే ఉన్నాయి. పెరిగింది నేల. ఫ్లాటుతో పాటు కింద నేలలో మీకొచ్చే అవిభాజ్య వాటా ఎన్ని గజాలో అడగండి. విక్రయ పత్రంలో ఆ అంకె చూసి చాలామంది మొహం చిన్నబుచ్చుకుంటారు. రెండు, ఒకే ఇంట్లో ఆరు అద్దెలు. ఒక పోర్షన్ ఖాళీ అయినా ఐదు నడుస్తాయి. ఫ్లాటు ఖాళీ అయితే పూర్తిగా ఖాళీనే, మెయింటెనెన్స్ మాత్రం ఆగదు.

నడక దూరం అన్నాను కదా, దాని గురించి ఇంకాస్త చెప్పాలి. బ్రోకర్లు దూరాన్ని బండి మీద చెబుతారు, 'ఏడు నిమిషాలే సార్' అని. మీ అద్దెదారుకు బండి ఉండదు, ఉన్నా పెట్రోలు డబ్బులు చూసుకుంటాడు. అతను రాత్రి తొమ్మిదికి ల్యాబు నుంచో లైబ్రరీ నుంచో నడిచి వస్తాడు, మధ్యలో మెస్సులో తింటాడు. కాబట్టి మీరు రాత్రి తొమ్మిదికి గేటు నుంచి ఆ ఇంటిదాకా నడవండి. వీధి దీపాలున్నాయా, దారిలో తిండి దొరుకుతుందా, కుక్కలు వెంటపడుతున్నాయా చూడండి. అమ్మాయిలకు ఇవ్వాలనుకుంటే మీ ఇంట్లో ఆడవాళ్ళను నడిపించి అడగండి. ఎస్వీయూ చుట్టూ బాలాజీ కాలనీ, పద్మావతీ నగర్, ఎం.ఆర్.పల్లి వైపు ఇళ్ళకు ఉన్న గిరాకీ అంతా ఈ నడకదే. అదే ధర పెట్టి తిరుచానూరు రోడ్డులో ఇంకా అందమైన ఫ్లాటు దొరకవచ్చు, కానీ దాన్ని కోరుకునేవారు వేరు, అది యాత్రికుల, ఉద్యోగుల లోకం.

యాత్రికుల మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. తిరుపతిలో ఫ్లాటును రోజువారీ బాడుగకు ఇచ్చి బాగా సంపాదిస్తున్నామని చెప్పేవాళ్ళు మీకు తప్పక తగులుతారు. అది లాడ్జి వ్యాపారం. దానికి వేరే అనుమతులు, వేరే పన్నులు, తెల్లవారుజామున మూడింటికి తాళం చెవి ఇవ్వడానికి ఒక మనిషి. అపార్ట్‌మెంట్ సంఘం వాళ్ళు నెలలోపే గొడవకొస్తారు, వాళ్ళది తప్పు కూడా కాదు. పొద్దున లిఫ్టు తెరిస్తే పన్నెండు మంది గుండు చేయించుకున్న కొత్తవాళ్ళు కనిపిస్తుంటే స్కూలుకెళ్ళే పిల్లల తల్లి ఎంతకాలం ఊరుకుంటుంది?

అద్దెదారుల్లో నాకు నచ్చినవాళ్ళు పీహెచ్‌డీ స్కాలర్లు. నా మేడ మీద మూల గదిలో ఒక బోటనీ అబ్బాయి ఆరేళ్ళున్నాడు. శేషాచలం కొండల మొక్కల మీద పని. గదిలోకి వెళితే ఎండిన ఆకుల వాసన. పరుపు కింద పాత పేపర్ల దొంతర, ప్రతి పేపరు మడతలో ఒక కొమ్మ, కొమ్మకు దారంతో కట్టిన చీటీ. పరుపు బరువుకు అవి చదునుగా ఆరతాయట. ఫెలోషిప్ ఒకసారి ఐదు నెలలు ఆగింది. అతను నా దగ్గరికి వచ్చి, ఎంత బాకీ ఉన్నాడో తన నోటుపుస్తకంలో రాసి నాతో సంతకం పెట్టించుకున్నాడు. సాధారణంగా ఓనరు రాయించుకోవాల్సింది. డబ్బు వచ్చిన రోజు ఐదు నెలలదీ కలిపి కట్టాడు. కొత్తగా అద్దెకిచ్చేవారికి ఇందులో తెలుసుకోవాల్సింది ఉంది. జేఆర్‌ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, వచ్చిన స్కాలరుకు 2023 జనవరి నుంచి నెలకు 37 వేలు, సీనియర్ ఫెలో అయితే 42 వేలు. హాస్టల్ ఇవ్వనివాళ్ళకు ఇంటి అద్దె భత్యం కూడా ఉంటుంది. ఆ భత్యం కోసం వాళ్ళకు అద్దె రసీదు కావాలి. రసీదు ఇవ్వను, డబ్బు చేతికే ఇవ్వు అనే ఓనరు దగ్గర మంచి స్కాలరు నిలవడు. అలాగే ఉద్యోగికిస్తే, అద్దె ఏడాదికి లక్ష దాటితే అతని ఆఫీసు మీ పాన్ నంబరు అడుగుతుంది. ఇచ్చేయండి. అద్దె ఆదాయంలో ఇంటి పన్ను పోను 30 శాతం ఎలాగూ మినహాయింపు ఉంది, దాచాల్సిన అవసరం లేదు.

డిగ్రీ, బీటెక్ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాళ్ళు ఇల్లు వదిలిన మర్నాడు మాత్రం మీరు ఒక్కరే వెళ్ళి తలుపు తీయండి, ఎవరితోనూ మాట్లాడాలనిపించదు. పోయిన ఏడాది ఒక హాల్లో గోడ మేకులు లెక్కపెట్టాను, 31. సింకు గొట్టంలో గట్టిపడిన టీ పొడి, బాల్కనీలో సగం విప్పిన కూలరు, స్విచ్‌బోర్డు చుట్టూ నల్లటి వేలిముద్రల పూలు. అద్దె ఒక్క నెలా ఆపలేదు వాళ్ళు, అది కూడా చెప్పాలి. రెండు నెలల అద్దె అడ్వాన్సు తీసుకుంటాను, ఒప్పందంలో రంగు ఖర్చు ఇంత అని ముందే రాస్తాను. ఒప్పందం అందరిలాగే 11 నెలలకు రాయిస్తాను.  కులం, మాంసాహారం గురించి అడిగే ఓనర్లు మా వీధిలో ఇప్పటికీ ఉన్నారు. నేను అడిగేవి కాలేజీ గుర్తింపు కార్డు, ఆధార్, తండ్రి లేదా తల్లి ఫోను నంబరు. ఆ నంబరుకు అక్కడే, వాళ్ళ ఎదుటే ఫోను చేస్తాను. ఈ ఒక్క ఫోను కాల్ చేసిన మేలు ఇంకే షరతూ చేయలేదు.

ఖాళీ నెలల గురించి మీరు జూన్‌లో పిల్లలు వస్తారని రాశారు. ఒకప్పుడు వచ్చేవారు. ఎస్వీయూ తన పీజీ ప్రవేశ పరీక్ష తానే పెట్టుకునే రోజుల్లో మాకు తేదీలు ఇంచుమించు తెలిసేవి. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే పీజీసెట్, దాని కౌన్సెలింగ్ ఎప్పుడు ముగిస్తే అప్పుడే మా గదులు నిండేది. ఇంజనీరింగుదీ అదే తీరు. ఏప్రిల్ చివర ఖాళీ అయిన గది దసరా దాకా ఖాళీగా ఉన్న సంవత్సరాలున్నాయి. అందుకే కోచింగు పిల్లలు, నర్సులు మేలంటాను, వాళ్ళ క్యాలెండరు వేరు. 2020 మార్చి సంగతి సరేసరి. లాక్‌డౌన్ అనగానే ఆరు పోర్షన్లలో ఐదు మూడు రోజుల్లో ఖాళీ, పుస్తకాలు, బకెట్లు, దండెం మీద బట్టలు అలాగే ఉన్నాయి. పిల్లల తండ్రులు ఫోను చేసి అడిగితే సగం అద్దె మాఫీ చేశాను. అప్పు మీద కొన్నవాడయితే ఆ మాట అనగలిగేవాడా? ఈఎంఐకి సరిపడా 12 నెలల డబ్బు పక్కన లేకుండా ఈ రంగంలోకి దిగవద్దని చెప్పేది అందుకే.

నీళ్ళు. తిరుపతికి కళ్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్ళు వస్తాయి, అయినా ఎండాకాలంలో చాలా అపార్ట్‌మెంట్లు ట్యాంకర్ల మీదే బతుకుతాయి. నలుగురు కుర్రాళ్ళు ఒక కుటుంబం కంటే రెట్టింపు నీళ్ళు వాడతారు. మే నెలలో వాచ్‌మన్‌ను పక్కకు పిలిచి వారానికి ఎన్ని ట్యాంకర్లు అని అడిగితే నిజం చెబుతాడు. వానాకాలం సంగతి దీనికి తలకిందులు. 2021 నవంబరులో కురిసిన వానకు ఊళ్ళో పల్లపు కాలనీలన్నీ మునిగాయి. ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంటి భూగర్భ నీళ్ళ తొట్టి వరలతో సహా నేల చీల్చుకుని పైకి లేచింది, జనం చూడటానికి వెళ్ళారు కూడా. మీరు చూస్తున్న ఫ్లాటు సెల్లారులో గోడ మీద ఆ ఏడాది వరద నీటి గీత ఉందేమో వెతకండి, సున్నం కొత్తగా వేసి ఉంటే పక్కింటి గోడ చూడండి.

అన్నిటికంటే పెద్ద విషయం ఆఖరున చెబుతున్నాను, మీరు ఇంతదాకా చదివి ఉంటే ఇదొక్కటి మరిచిపోకండి. ఇది దేవుడి ఊరు. ఇక్కడ నేలలో చాలా భాగం దేవస్థానానిదో, మఠాలదో, ప్రభుత్వానిదో, చెరువుదో. వాటి మీద దశాబ్దాలుగా కట్టిన ఇళ్ళున్నాయి, వాటికి కరెంటు ఉంది, ఇంటి పన్ను రసీదు ఉంది, అద్దెలూ వస్తున్నాయి. ఇంటి పన్ను కట్టినంత మాత్రాన హక్కు రాదు. సర్వే నంబరు తీసుకుని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో అది రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలో, అదే మనం 22-ఎ అంటామే, అందులో ఉందేమో చూడండి. 30 ఏళ్ళ ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీయండి, ఆస్తి ఇంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లన్నీ అసలువి చూడండి. ధర మార్కెట్ కంటే పావు వంతు తక్కువ చెబుతూ 'నోటరీ మీద రాసిస్తాం' అన్నారంటే కారణం అదే. మరొకటి, ఇక్కడ పాతవాళ్ళు స్థలాన్ని అంకణాల్లో చెబుతారు. అంకణం అన్ని ఊళ్ళలో ఒకటి కాదు. బేరం నోటితో అంకణాల్లో ఆడినా కాగితం మీద చదరపు గజాలు, నాలుగు పక్కల అడుగులు రాయించి టేపు పట్టించి కొలవండి. నేను ఫ్లాటు కొన్నప్పుడు లింకు డాక్యుమెంట్లలో ఒకటి నకలు మాత్రమే చూపించారు. అసలుది బ్యాంకులో ఉందన్నారు, ఏ బ్యాంకో అడగలేదు. బ్యాంకు ఉద్యోగినై ఉండి అడగలేదు! దాన్ని సరిచేసుకోవడానికి నాలుగేళ్ళు, ఒక లాయరు పట్టారు.

హాస్టల్ ఆలోచన గురించి ఎక్కువ చెప్పను. అది ఇల్లు అద్దెకివ్వడం కాదు, హోటలు నడపడం. మున్సిపల్ లైసెన్సు, అగ్నిమాపక ఏర్పాట్లు, కరెంటు కేటగిరీ మార్పు, వంటమనిషి ఉగాదికి ఊరెళ్ళి తిరిగి రాకపోవడం. జీఎస్టీ మాత్రం భయపడాల్సింది కాదు, మనిషికి నెలకు 20 వేలలోపు వసూలు చేస్తూ కనీసం 90 రోజులు వరుసగా ఉంచుకుంటే 2024 జులై నుంచి మినహాయింపు ఉంది. బెంగళూరులో ఉండి నడపగలిగింది మాత్రం కాదు. ఇల్లంతా ఒక నిర్వాహకుడికి లీజుకిచ్చి కూర్చుంటానంటే, అతను మీ గోడలు పగలగొట్టి పన్నెండు మంచాలు వేసే చోట ఇరవై వేస్తాడని ముందే అనుకోండి.

తమ్ముణ్ణి కలుపుకునే ముందు రెండు విషయాలు. ప్రవాస భారతీయులు ఇళ్ళు, ఇంటి స్థలాలు కొనవచ్చు, వ్యవసాయ భూమి కొనకూడదు. ఏర్పేడు వైపు 'ప్లాటు' అని చూపించేదాన్ని కాగితాల్లో ఏమని రాశారో అందుకే చూడాలి. అద్దెలో అతని వాటా ఇచ్చేటప్పుడు అద్దెదారు దాదాపు 31 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలని చట్టం. నెలకు 5 వేలు ఇచ్చే కుర్రాడు ఆ పని చేస్తాడా? తమ్ముడు డబ్బిస్తే మీ ఇద్దరి మధ్య పత్రం రాసుకోండి, ఇంటి మీద పేరు మీ ఒక్కరిదే ఉంటే నడపడం సులభం. కానీ అన్నదమ్ముల మధ్య ఏది సులభమో నాకంటే మీకే తెలుసు.

మీ డబ్బుతో నేనయితే ఏం చేస్తానని చివర్లో అడిగారు. ఆ 55 లక్షల ఫ్లాటు వదిలేస్తాను. ఎస్వీయూకు నడక దూరంలో, పెద్ద సందులోనో చిన్న వీధిలోనో, వంద నుంచి నూట యాభై గజాల్లో ఉన్న పాత ఇల్లు కోసం ఏడాదిపాటు ఓపికగా చూస్తాను. కింద రెండు పోర్షన్లు, పైన రెండు, మెట్లు బయటినుంచి, ప్రతి పోర్షనుకూ వేరే కరెంటు మీటరు ఉన్న ఇల్లు. మీ బడ్జెట్‌లో దొరకడం కష్టమే, అసాధ్యం కాదు. పిల్లలు విదేశాల్లో స్థిరపడి, ఇక్కడి పెద్దవాళ్ళు మెట్లు ఎక్కలేక అమ్ముకునే ఇళ్ళు ప్రతి ఏడూ నాలుగైదు బయటికొస్తాయి. అవి ఆన్‌లైన్‌లో కనిపించవు, వీధి చివర ఇస్త్రీ బండి అతనికి ముందు తెలుస్తుంది. అప్పు 25 లక్షలు దాటనివ్వను. దగ్గరలో నమ్మకమైన మనిషి, బంధువో పక్కింటాయనో, ఒకరు కుదిరాకే రిజిస్ట్రేషనుకు వెళతాను. మోటారు కాలిపోయిందని రాత్రి పదింటికి ఫోను వస్తే బెంగళూరు నుంచి మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. నెలకు ఒక పోర్షను అద్దెలో పదో వంతు ఇస్తానంటే ఆ పని సంతోషంగా చేసే రిటైర్డ్ మనుషులు మా వీధిలో ఇద్దరున్నారు.

దసరా సెలవుల్లో వస్తారా? అప్పటికి కౌన్సెలింగు ఏదో ఒక దశకు వచ్చి ఉంటుంది. ఏ వీధిలో ఇంకా టూలెట్ బోర్డులు వేలాడుతున్నాయో, ఏ వీధిలో లేవో నడుస్తూ మీ కళ్ళతోనే చూసుకోవచ్చు. వచ్చే ముందు ఆ ఫ్లాటు ఓనరును రెండేళ్ళ కరెంటు బిల్లులు అడిగి తెప్పించుకోండి. అద్దెకు ఎప్పుడూ ఖాళీ లేదని అతను చెబుతున్నాడు కదా, యూనిట్లు ఏ నెలల్లో సున్నాకు పడిపోయాయో బిల్లులోనే ఉంటుంది.